ఎకరం ఉంటేనే రైతుబిడ్డ

మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో కట్టేసిన రేసు జాతి గుర్రాలకు ధ్రువపత్రాల బాధ లేదు. తల్లిదండ్రులు, తాతముత్తాతల పేర్లన్నీ ఇండియన్ స్టడ్ బుక్కులో భద్రంగా ఉంటాయి. చిక్కల్లా వాటికి చేవెళ్ల క్యారెట్లు తినిపించే పిలగానికే. వాడు ఫలానా కులంలోనే పుట్టాడని తహసీల్దారు చెప్పాలి. వాళ్ల నాయిన నిజంగానే పేదవాడని మళ్లీ తహసీల్దారే చెప్పాలి. మీసేవకు పోతే సర్వర్ డౌన్, రేపు రా బిడ్డా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. పిలగాని స్కాలర్‌షిప్పు మాత్రం తప్పుతూనే ఉంటుంది.

వాడు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చదవాలనుకున్నాడు. అక్కడ రైతు కోటా ఉంది, 40 శాతం సీట్లు. ఆ కోటాలో రైతు ఎవరంటే ఎకరానికి తగ్గకుండా భూమి ఉన్నవాడు. పిల్లవాడు కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండాలి. చెమట గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

ఇక ఆ ఫామ్‌హౌసుల పెద్దమనుషులను చూడండి. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కాంక్రీటు తగ్గించండి, సేద్యం చేసుకోండి అంది. జూబ్లీహిల్స్ అంతా సేద్యానికి దిగింది. ముందు ప్రహరీ మొలిచింది, తర్వాత ఈతకొలను, ఆపైన గుర్రపుశాల. నాలుగు మామిడి మొక్కలు నాటి పట్టా పాస్‌బుక్కు పుచ్చుకుంటే ఆయన రైతు, ఆయన కొడుకు రైతుబిడ్డ. ఆ కొడుకు చదివిన ఏసీ ఇంటర్నేషనల్ స్కూలు పంచాయతీ హద్దులో ఉంటే అది పల్లెటూరి బడి. రైతు భరోసా కూడా ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున పట్టా ఉన్నవాడి ఖాతాకే పోతుంది.

పక్క చేలో ఇరవై ఏళ్లుగా కౌలుకు టమాటా పండిస్తున్నవాడు రైతు కాడు. 2025లో వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం సీట్లు ప్రత్యేకించారు, మంచి పనే. కౌలుదారు మాత్రం అటు పట్టాకు, ఇటు కూలికి మధ్య వేలాడుతున్నాడు.

ఇంతలో ఇంకో వరం. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. మోరీలు పాతవే, బోర్డు కొత్తది. ఇకమీదట ఇక్కడి సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరే పిల్ల రైతు కోటా లెక్కలో పట్నం పిల్ల. బీసీ ఉపకారవేతనానికి ఆదాయ పరిమితి పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. అంటే వాళ్ల నాయినకు రాత్రికి రాత్రే మరో యాభై వేలు సంపాదించుకునే హక్కు దక్కింది. సంపాదన మాత్రం పంచాయతీ నాటిదే.

పోనీ గుర్రాల చదువే చదువుతానంటే? హిసార్‌లో 1985 నుంచి జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఇంకా దూరమంటే అమెరికాలో కెంటకీ ఉంది. అంబేడ్కర్, ఫూలే విద్యానిధుల కింద సర్కారు విదేశీ చదువుకు 20 లక్షల దాకా ఇస్తుంది. కుటుంబ ఆదాయం 5 లక్షలు మించకూడదు. అంత ఆదాయం ఉన్నవాడు గుర్రమెక్కేది పెళ్లిరోజున, అదీ అద్దె గుర్రం. గుర్రాన్ని కొన్న రైతు సంగతా? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, ఆయన పేదరికం ఎంతో ఆడిటరుకే ఎరుక. వీసా కోసం చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చాలు. అక్కడ హుండీ లేదు, ఆదాయ పత్రమూ అడగరు. దేవుడిది సింగిల్ విండో.

అన్నీ దాటి సీటొచ్చినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలి కదా. 2025 నవంబరు మొదట్లో బకాయిలు చెల్లించమని ప్రైవేటు కాలేజీలే తలుపులు మూసుకున్నాయి. బకాయి సర్కారుది, ఆగిన చదువు పిలగానిది.

వ్యవసాయ విశ్వవిద్యాలయం పెద్దలారా, కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లోనే అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. వచ్చే నోటిఫికేషన్‌లో ఎకరం పట్టా పక్కన 'లేదా కౌలు కార్డు' అని ఒక్క ముక్క రాయండి. రెవెన్యూ సార్లూ, ముందు మీరు ఆ కార్డులు ఇవ్వండి.