ఒక్క టిక్కు సభ్యుడి విన్నపం

నేషనల్ ట్రస్ట్ డైరెక్టర్ జనరల్ గారికి,

బ్రిటన్‌లో పాత కోటల్నీ తోటల్నీ కాపాడే మీ సంస్థకున్న 50 లక్షలకు పైబడిన సభ్యుల్లో నేనొకణ్ణి. కారు అద్దం మీద ఓక్ ఆకు స్టిక్కరు ఉంది, మీ తోటల దగ్గర పార్కింగ్ ఉచితం. కాబట్టి విశ్వాసం లేనివాడని అనుకోకండి.

సర్వసభ్య సమావేశానికి మీరు పంపే బ్యాలెట్ చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. 2022 నుంచి అందులో 'క్విక్ వోట్' అని ఒక గడి పెట్టారు. అక్కడ టిక్కు కొడితే చాలు, తీర్మానాల మీదా కౌన్సిల్ ఎన్నికల్లోనూ మీవాళ్ళు సిఫారసు చేసినట్టే నా ఓటు పడిపోతుంది. చదివే శ్రమ లేదు, ఆలోచించే బాధ అసలే లేదు. అపార్ట్‌మెంట్ సొసైటీల్లో కొందరు సెక్రటరీలుంటారు చూడండి, "అందరికీ సమ్మతమేగా?" అని అడిగి, ఎవరైనా నోరు విప్పేలోపే సమోసాలు పంచేస్తారు. ఈ గడి సంగతి తెలిస్తే వాళ్ళకు సమోసాల ఖర్చూ మిగిలేది.

మీ సిఫారసులకు కళ్ళుమూసుకుని టిక్కు ఎందుకు కొట్టలేనో చెబుతాను. సర్రేలో మీ చేతిలో ఉన్న క్లాండన్ పార్క్ అనే పాత భవనం 2015 ఏప్రిల్‌లో తగలబడింది. నేలమాళిగలో కరెంటు బోర్డు దగ్గర మొదలైన మంట పాలరాతి హాలుదాకా పాకి, పైకప్పును కూల్చేసింది. ఇన్సూరెన్స్ సొమ్ము వచ్చింది. ముఖ్యమైన గదులను మళ్ళీ కడతామని ఏడాది తిరక్కుండానే మాటిచ్చారు. 2022కల్లా ఆ మాట మారింది: మసిబారిన గోడల్ని అలాగే ఉంచి, మధ్యలో నడకదారులు వేస్తారట, లోపలి ఇటుకపని చూడొచ్చట! కాలిన ఇల్లు కూడా ఒక పాఠమేనన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ ఆ ముక్క మాటివ్వకముందే తోచాల్సింది.

మిమ్మల్ని తిట్టేవాళ్ళందరి పక్కనా నన్ను కూర్చోబెట్టకండి. వలసపాలనతో, బానిస వ్యాపారంతో మీ 93 చోట్లకున్న సంబంధాలను చెబుతూ 2020లో మీరు రిపోర్టు వేస్తే కొందరు గగ్గోలు పెట్టారు. నాకు మాత్రం అది మీరు చేసిన మంచిపనే. వేల్స్‌లోని పోవిస్ కోటలో టిప్పు సింహాసనం నుంచి ఊడదీసిన పులితల ఉంది, రత్నాలు పొదిగిన బంగారు తల. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కొల్లగొట్టినప్పుడు మద్రాసు గవర్నరు, ఆ కోట కుటుంబానికి అల్లుడైన ఎడ్వర్డ్ క్లైవ్. మా సర్కారు జిల్లాలూ అప్పుడు ఆ గవర్నరు ఏలుబడిలోనివే. ఆ పులితల ఎలా వచ్చిందో చెప్పకపోతే చూపించి ఏం లాభం?

చెప్పడానికి మనుషులుండాలి కదా. 2020లో, స్వచ్ఛందంగా తప్పుకున్నవాళ్ళతో కలిపి, సుమారు 1,300 మందిని ఇంటికి పంపారు. 2025 జూలైలో మరో 550 ఉద్యోగాలు తగ్గిస్తామన్నారు. జీతాల భారం పెరిగిందన్నది నిజమే. మరి మీ భవనాల గదుల్లో గంటల తరబడి నిలబడి కథలు చెప్పేది పైసా తీసుకోని వాలంటీర్లు.

మీ సంస్థ మొదటి రోజులు గుర్తుచేసుకోండి. వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్, ఆమె మిత్రులు 1896లో ఆల్ఫ్రిస్టన్‌లో కూలబోతున్న పాత ఇల్లొకటి 10 పౌండ్లకు కొని, బాగుచేయడానికి ఊరూవాడా చందాలడిగారు. అడగాలంటే ముందు సంగతేమిటో విప్పి చెప్పాలిగా!

నేనడిగేదీ అంతే. ఈసారి బ్యాలెట్లో ఆ క్విక్ వోట్ గడి తీసేసి, ఆ జాగాలో మీ సిఫారసులకు కారణాలు రాయండి. మీ మాట కాదన్నవాళ్ళకీ అంతే జాగా ఇవ్వండి. నా చందా మటుకు డైరెక్ట్ డెబిట్‌లో ఈ నెలా వెళ్ళిపోయింది, దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేకపోయింది.

ఇట్లు,
తీరిగ్గా ఓటేసే సభ్యుడు