రాళ్లకు దొరికిన దారి

కోల్‌కతా శివారు లిలువా నుంచి హౌరా ఒక్క స్టేషనే. అక్కడ మెట్రో ఎక్కితే, 2024 నుంచి, హుగ్లీ కిందుగా ఎస్‌ప్లనేడ్‌లో దింపుతుంది. నది అడుగున రైలు! అబ్బో, ఏం ప్రగతి! మరి చక్రాల కుర్చీలో ఉన్నవాడు లిలువాలో లోకల్ ఎక్కేదెలా? "ఎవరో ఒకరు సాయం పడతారు లెండి." ఆ 'ఎవరో ఒకరు' ఏ శాఖ ఉద్యోగి? జీతం ఎవరిస్తున్నారు?

సరే, చచ్చీ చెడీ చౌరంగీ చేరాడనుకోండి. అక్కడ 1814లో పుట్టిన ఇండియన్ మ్యూజియం ఉంది. అందులో మన అమరావతి శిల్పాలున్నాయి. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ కృష్ణ ఒడ్డున తవ్వించి, కొన్నింటిని కలకత్తా పంపించాడు. లారీలు లేని కాలం. అయినా బండరాళ్లు వచ్చాయి. ఇవాళ ఈ దేశంలో ఏ పాత భవనంలోని మ్యూజియాన్నయినా ర్యాంపు అడిగి చూడండి. "వారసత్వ కట్టడమండీ, గోడ ముట్టుకోకూడదు!" ఏసీలకు కన్నాలు పొడిచినప్పుడు నొప్పి పుట్టలేదా ఆ గోడకు? మంత్రిగారొస్తే రాత్రికి రాత్రే వేదిక లేచినప్పుడో?

ర్యాంపు ఉన్నచోట భాగోతం ఇంకో రకం. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని ప్రమాణం. మనవాళ్లు కట్టేది జారుడుబల్ల. కింద పూలకుండీలు, పైన గార్డుగారి బైకు. బ్రెయిలీ బోర్డు ఉంటుంది, గాజు వెనకాల! చూపులేనివాడు గాజు తడిమి మురిసిపోవాలి కాబోలు. చక్రాల కుర్చీ స్టోర్‌రూంలో. తాళంచెవి పెద్దసారు దగ్గర. పెద్దసారు క్యాంపులో.

చేతకాక కాదు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లోనే చేత్తో తాకి చూసే 'అనుభవ్' గ్యాలరీ తెరిచింది.

చట్టం లేకా కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 జూన్‌లో నిబంధనలొచ్చాయి. ఉన్న ప్రజాభవనాలన్నీ ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలన్నారు. అంటే 2022 జూన్. వచ్చాయా? చూపులేని రాజీవ్ రాతూరి 2005లో సుప్రీంకోర్టు మెట్లెక్కితే, 2024 నవంబరు 8న కోర్టు ఆ నిబంధనల్లోని 15(1)ను కొట్టేసింది. తప్పనిసరి అని రాయాల్సిన చోట ఏలినవారు సలహాలు రాసి కూర్చున్నారు మరి! ఆ గుట్టు విప్పడంలో కోర్టుకు ఆసరా అయింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నివేదిక. మూడు నెలల్లో కచ్చితమైన ప్రమాణాలు రాయమని ఆదేశం.

ఇక డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవం వస్తుంది. బ్యానర్, దండలు, ఉపన్యాసాలు. సన్మానం అందుకోవాల్సినవాణ్ని నలుగురు మోసుకుని వేదికెక్కిస్తారు. వేదికకు ర్యాంపు లేదు కదా! ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది.

చట్టంలో జరిమానా కూడా ఉందండోయ్. మొదటి తప్పుకు 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. అందులో ఒక్క రూపాయి కట్టిన మ్యూజియం మీకు తెలిస్తే, దయచేసి చెప్పండి.