గట్టిగా కొట్టమనే వాళ్ల మాట వినకండి

పాటలు పాడేవాళ్లు, డ్యాన్స్ చేసేవాళ్లు రింగు ఎక్కి కుస్తీ పట్టడం ఇప్పుడు వింత కాదు. జపాన్‌లో ఏకేబీ48 అనే పాటల బృందం, దాని తోబుట్టువు బృందాల అమ్మాయిలు 2017లో ‘టోఫు ప్రో రెజ్లింగ్’ అనే టీవీ సీరియల్‌లో మల్లయోధులుగా నటించారు. అదే ఏడాది ఆగస్టు 29న టోక్యోలోని కొరాకుయెన్ హాల్లో టికెట్టు కొన్న జనం ముందు నిజంగానే రింగులో తలపడ్డారు. ‘అప్ అప్ గర్ల్స్’ పేరుతో అక్కడే ఇంకో జట్టుంది. ముందు పాట పాడతారు, తర్వాత అదే రింగులో పోటీ పడతారు. వాళ్లలో మియు వతనబె 2024లో తన సంస్థలో ఛాంపియన్ కూడా అయింది. ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీ 2021లో రెసిల్‌మేనియా అనే కుస్తీ ప్రదర్శనలో దిగితే, వచ్చి పోయే అతిథి అనుకున్నవాళ్లు నోరు తెరిచి చూశారు.

మన విశాఖలో డ్యాన్స్ ట్రూపుల పిల్లలకు కూడా ఈ మోజు ఉంది. పాట మధ్యలో మ్యూజిక్ ఆగి, ఇద్దరు కలబడి, ఒకరు ఇంకొకరిని ఎత్తి పడేస్తే ఫెస్టు దద్దరిల్లిపోతుందని వాళ్ల ఆశ. అందులో తప్పేం లేదు. అది మంచి కళ, కష్టమైన కళ, దాన్ని నేర్చుకోవాలనుకునే పిల్లలంటే నాకు గౌరవం. నా భయమల్లా వాళ్ల చుట్టూ చేరి సలహాలిచ్చే అన్నయ్యల గురించే. ఆ సలహాలు కొన్ని కింద రాస్తున్నాను, పాటించడానికి మాత్రం కాదు.

“నిజంగా కొట్టు, అప్పుడే జనం నమ్ముతారు.”

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువ హాని చేసేదీ ఇదే. కొట్టినవాడిని చూసి జనం దెబ్బను నమ్మరు, తిన్నవాడిని చూసి నమ్ముతారు. ముప్పయ్యో వరసలో కూర్చున్న మనిషికి పిడికిలి దవడకు తగిలిందో లేదో కనిపించదు. తిన్నవాడి మోకాలు ఎలా వంగింది, మెడ ఎటు తిరిగింది, లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనించాడు, కాసేపటికి అదే పక్కటెముకను మళ్లీ పట్టుకున్నాడా లేదా అన్నవి కనిపిస్తాయి. మన పద్యనాటకాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. భీముడి గద డొల్ల అని చంటిపిల్లకైనా తెలుసు. అయినా దాన్ని భుజానికెత్తేటప్పుడు నటుడి నడుములో బరువు కనిపిస్తే ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

నిజంగా కొడితే ఏమవుతుందంటే, తిన్నవాడు నటన మరచిపోతాడు. కళ్లు మూసుకుంటాడు, చేతులు అడ్డం పెట్టుకుంటాడు, తర్వాతి అడుగు ఆలస్యం చేస్తాడు. దెబ్బ నిజమైంది కానీ దృశ్యం చెడిపోయింది. పైగా రెండో దెబ్బ నుంచి అతను మిమ్మల్ని నమ్మడు. నమ్మని మనిషి ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటిని ఎత్తడం కష్టం, దించడం ఇంకా కష్టం. భద్రత ఎక్కువైతే నిజం తగ్గుతుందని అనుకునేవాళ్లు ఈ సంగతి చూడరు. భయం లేని ఒళ్లే దెబ్బను పూర్తిగా నటించగలదు.

అరచేత్తో రొమ్ము మీద చరిచే దెబ్బ మాత్రం రెజ్లింగ్‌లో నిజంగానే తగులుతుంది, ఎర్రగా కందుతుంది కూడా. అది కూడా ఎక్కడ తగలాలో ఇద్దరూ ముందే ఒప్పుకున్న దెబ్బ. రొమ్ము పైభాగంలో కండ ఉన్న చోట, గొంతుకు దూరంగా. పిడికిలి దెబ్బల చప్పుడులో చాలా భాగం కొట్టేవాడి పాదం నేల మీద చేసేదే.

ఇదంతా నాటకమని తెలిస్తే జనం చూడరంటారు. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శనకు జాన్ సీనా వచ్చినప్పుడు హాల్లో ఉన్నవాళ్లకు అది తెలియదా? తెలిసే గొంతు పోయేలా అరిచారు.

“కొట్టడం నేర్చుకో, పడటం దానంతటదే వస్తుంది.”

తలకిందుల సలహా. రెజ్లింగ్ బడుల్లో ముందు నేర్పేది పడటమే, మొదట్లో చాలా రోజులు అదే పని. గడ్డం రొమ్ముకు ఆనించాలి. వీపు పైభాగం మొత్తం ఒకేసారి పరచుకుని నేలను తాకాలి. రెండు చేతులూ పక్కలకు చాపి అరచేతులతో నేలను చరచాలి. ఊపిరి వదిలెయ్యాలి. వెనక్కి పడుతున్నప్పుడు చెయ్యి వెనక్కి ఆనించకూడదు. ఆనిస్తే మణికట్టో మోచెయ్యో విరగొచ్చు. ముందు గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, తర్వాత సగం లేచి, ఆ తర్వాత నిలబడి. ఇందులో ఏ మెట్టూ దాటేయడానికి లేదు.

డ్యాన్సర్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. తాళం, జ్ఞాపకం, వరస తప్పకుండా గుర్తుపెట్టుకోవడం వాళ్లకు ముందే ఉంటాయి కాబట్టి మిగతావాళ్ల కన్నా త్వరగా నేర్చుకుంటారు. కానీ డ్యాన్స్‌లో పడటమంటే ఒళ్లు ముడుచుకుని, మెత్తగా, చప్పుడు లేకుండా ఒక వైపు నుంచి దొర్లడం. రింగులో పడటమంటే ఒళ్లు పరిచి, దెబ్బను వీపంతా పంచి, పెద్ద చప్పుడు చెయ్యడం. పాత అలవాటు ఒంట్లో ఉండగానే కొత్తది రావాలి. అలసిపోయిన క్షణంలో పాతదే బయటికొస్తుంది. అందుకని డ్యాన్సరుకు కొత్తగా నేర్చుకునేదేముంది అన్నవాడికి డ్యాన్స్ గురించీ తెలియదు, కుస్తీ గురించీ తెలియదు.

ఇంట్లో పరుపు మీద సాధన చెయ్యమనేది కూడా దీనికి అతుక్కునే సలహానే. పరుపు మీద గడ్డం పైకి లేచినా తలకు ఏమీ కాదు, చెయ్యి వెనక్కి పెట్టినా ఏమీ కాదు. తప్పు చేసినట్టు ఒంటికి తెలియదు. ఆ తప్పు అలాగే స్టేజీ మీదికి వస్తుంది.

“బీచ్ ఇసుక ఉండగా మ్యాట్ ఎందుకు దండగ?”

ఇది మన ఊరి సలహా. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో పొద్దున్నే పిల్లలు గెంతులేస్తుంటే చూడ్డానికి బాగుంటుంది. వాళ్లకు ఇసుక మెత్తన అనే నమ్మకం ఉంది. అలలు తడిపి వెళ్లిన ఇసుక మీద అరచేత్తో ఒకసారి చరిచి చూడండి, ఎంత గట్టిదో తెలుస్తుంది. పొడి ఇసుకలో పాదం ఒకచోట కూరుకుపోతే ఒళ్లు ఇంకోవైపు తిరుగుతుంది, చీలమండా మోకాలూ ఆ తేడాను మొయ్యాలి. ఇంకొకరిని భుజం మీద ఎత్తుకుని ఉన్నప్పుడు ఆ కూరుకుపోవడం ఇద్దరికీ ప్రమాదమే. వీపు కింద ఏ గుంట ఉందో, ఏ గాజు పెంకు ఉందో పడ్డాక గాని తెలియదు.

రెజ్లింగ్ రింగు చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ మెత్తటిది కాదు. ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, పైన సన్నటి ఫోమ్, ఆపైన బిగించిన కాన్వాస్. చట్రం, పలకలు కాస్త వంగి దెబ్బలో కొంత తీసుకుంటాయి. చప్పుడు వచ్చేది కూడా వాటి నుంచే. నేల ఎక్కడైనా ఒకేలా ఉంటుందన్న నమ్మకం మీదే ఆటంతా నడుస్తుంది, ఇసుక ఇవ్వలేనిది అదే. రింగు దొరక్కపోతే జూడో మ్యాట్లు దొరుకుతాయి. అవీ లేకపోతే ఎత్తి పడేసేవన్నీ తీసేసి, నిలబడి చేసే పట్లతో ఐటమ్ కట్టుకోండి. అలా కట్టినా బాగుంటుంది.

“సినిమాలో హీరో చేశాడు, నువ్వెందుకు చెయ్యలేవు?”

సినిమాలో కట్ ఉంది, డూప్ ఉంది, రోప్ ఉంది, రీటేక్ ఉంది. స్టేజీ మీద ఇవేవీ లేవు. మన విశాఖ నేపథ్యంగానే వచ్చిన ‘గురు’లో రితికా సింగ్ గుద్దులు నిజంలా కనిపించాయంటే కారణం ఆమె ముందునుంచీ కిక్‌బాక్సర్ కావడమే. అడుగు, భుజం, చూపు కలిసి కదిలే ఆ తీరు సాధన చేసిన ఒంటికే వస్తుంది.

సినిమాలో కూడా నిజంగానే చేద్దామన్న మొండితనం ఏం చేస్తుందో పక్క రాష్ట్రంలో చూశాం. 2016 నవంబర్‌లో కన్నడ సినిమా ‘మాస్తి గుడి’ క్లైమాక్స్ కోసం ఇద్దరు నటులు లైఫ్ జాకెట్లు లేకుండా హెలికాప్టర్ నుంచి తిప్పగొండనహళ్లి జలాశయంలోకి దూకి మునిగిపోయారు. లైఫ్ జాకెట్లు చొక్కాల కింద దాచి తొడిగించినా చూసేవాళ్లకు ఆ షాట్‌లో తక్కువయ్యేది ఏమీ లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

“ఎక్కువ రిహార్సల్ చేస్తే సహజత్వం పోతుంది.”

ఏకేబీ అమ్మాయిలు ఆ ఒక్క ఆగస్టు సాయంత్రం కోసం సీరియల్ నడుస్తున్నంత కాలం నిజం రెజ్లర్ల దగ్గర శిక్షణ తీసుకున్నారు. బ్యాడ్ బన్నీ తన మొదటి మ్యాచ్ కోసం నెలల తరబడి సాధన చేశాడు. వాళ్లు చేసింది సహజంగా కనిపించిందంటే ఆ సాధన వల్లే.

రిహార్సల్‌లో కూడా తేడాలున్నాయి. ముందు మాటల్లో నడవాలి, తర్వాత నిదానంగా, తర్వాత సగం వేగంతో, చివరికి పూర్తి వేగంతో. రిహార్సలే కదా అని జాగ్రత్తలు వదిలెయ్యకూడదు. 2020 ఆగస్టు 1న మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అప్పుడు జరుగుతున్నది లోడ్ టెస్టే, అంటే అదీ ఒక రిహార్సలే. షో నాడు పెట్టే మ్యాట్లూ, జాగ్రత్తకు పక్కన నిలబెట్టే మనుషులూ మొదటి రిహార్సల్ రోజు నుంచే ఉండాలి.

“కోడి రామ్మూర్తి పుట్టిన గడ్డ మనది, బలముంటే చాలు. తలకిందుల పట్టు ఒకటి పెట్టు.”

వీరఘట్టం వాడు, కలియుగ భీముడు, ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకున్నవాడు. ఆయన పేరు చెబితే నాకూ ఒళ్లు పొంగుతుంది. కానీ ఆయన పణం పెట్టింది తన రొమ్మును. రింగులో మీ చేతుల్లో ఉండేది ఇంకొకరి మెడ. ఎత్తడానికి కావలసిన బలం కన్నా దించడానికి కావలసిన అదుపు ఎక్కువ. తాలింఖానాల్లో బస్కీలు తీసిన కుర్రాళ్లలో చాలామందికి మొదటిది ఉంటుంది, రెండోదాన్ని విడిగా నేర్చుకోవాలి.

తలను నేలకు గురిపెట్టే పట్టు ఏదైనా కొత్తవాళ్లు ముట్టుకోవద్దు. స్టీవ్ ఆస్టిన్ అప్పటికి అమెరికాలో పేరు మోసిన మల్లుడు, ఎదురుగా ఉన్న ఓవెన్ హార్ట్ కుస్తీ కుటుంబంలో పుట్టి పెరిగినవాడు. అయినా 1997 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో తలకిందులుగా పట్టి కూర్చునే పట్టు కాస్త తప్పేసరికి ఆస్టిన్ కాళ్లూ చేతులూ కాసేపు కదలలేదు. ఆ మెడ బాధలతోనే 2003లో నలభై నిండకుండా ఆట వదిలేశాడు. జపాన్ మహామల్లుడు మిసావా మిత్సుహరు 1981 నుంచి రింగులో ఉన్నాడు. పడటంలో ఆయనకు సాటి లేదని చెప్పుకునేవారు. 2009 జూన్ 13న హిరోషిమాలో, అంతకుముందు లెక్కలేనన్నిసార్లు తిన్న వెనక్కి విసిరే పట్టు తిని మళ్లీ లేవలేదు. 46 ఏళ్లు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మెడ అది. అనుభవం ఉంటే భయం లేదన్నవాళ్లు ఆ మెడను గుర్తుపెట్టుకోవాలి.

తలకిందుల పట్లు లేకుండా కూడా పేరు తెచ్చుకోవచ్చు. 2021లో ఏకేబీ తోబుట్టువు బృందం ఎస్‌కేఈ48లో ఉంటూనే రింగు ఎక్కిన అరాయి యూకి తన ప్రత్యేకమైన దెబ్బగా ఎంచుకున్నది కాలు ఎత్తి మడమతో కొట్టేది. డ్యాన్సరు కాలు ఎంత ఎత్తుకు లేస్తుందో జనానికి కనిపిస్తుంది, ఎవరినీ తలకిందులుగా పట్టే పని లేదు. మీకు ముందే బాగా వచ్చినదాని నుంచి మీ దెబ్బను తయారు చేసుకోండి.

“దెబ్బ తగిలినా ఆపొద్దు, షో నడవాలి.”

స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనడగండి. క్రేన్‌కు సైగలు చేసే మనిషి ఒక్కడే ఉంటాడు, డ్రైవరు అతని మాటే వింటాడు. కానీ ఆపమన్న సైగ ఎవరు చేసినా క్రేన్ ఆగాలి. స్టేజీ మీద కూడా అంతే పెట్టుకోండి. తర్వాత ఏ పట్టో చెప్పేవాళ్లు ఒక్కరే ఉండాలి, ఆపే హక్కు అందరికీ ఉండాలి. రెజ్లర్లు ఒకరి చేతిని ఒకరు నొక్కి బాగానే ఉన్నావా అని అడుగుతారు. తిరిగి నొక్కకపోతే ఆట అక్కడితో మారిపోతుంది. రిఫరీ చేతులు రెండూ తల పైన ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెడితే ఇది నటన కాదని తెర వెనక ఉన్నవాళ్లకు అర్థం. మీ ఐటమ్‌లో రిఫరీ వేషం వేసే పిల్లకు ఈ సైగ ముందే నేర్పండి. మ్యూజిక్ ఆపే కుర్రాడికి కూడా చెప్పండి. పాట నడుస్తున్నంతసేపూ స్టేజీ మీదివాళ్లు ఆగరు.

తల తిరుగుతోందన్నా, వాంతి వచ్చినా, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా ఆ మనిషిని ఆ రోజు మళ్లీ స్టేజీ ఎక్కించకండి, ఒంటరిగా ఇంటికి పంపకండి, డాక్టరుకు చూపించండి. మెడ నొప్పి అన్నా, వేళ్లు తిమ్మిరెక్కాయన్నా లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. తలను కదలనివ్వకుండా ఒకరు పట్టుకోండి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యండి. అంబులెన్సు ఏ గేటు నుంచి వస్తుందో, ఆ గేటు తాళం ఎవరి దగ్గర ఉందో ఫెస్టు మొదలవకముందే కనుక్కుని పెట్టుకోండి.