షేరును సున్నా దాకా మోయు విధానం

ముందుగా కొన్న రేటును మనసులో చెక్కుకోండి. కరెంటు తయారుచేసే చిన్న కంపెనీ షేరు కొన్నవారికి తెలియాల్సింది అదొక్కటే. గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తోంది, అప్పెంత ఉంది అన్నవి మనకు సంబంధం లేని సంగతులు. 40కి కొన్నది 48 అయిందా, అమ్మేసి బెసెంట్ రోడ్డుకు వెళ్లి బట్టలు కొనుక్కోండి. దాన్ని లాభం బుక్ చేయడం అంటారు. 22కి పడిందా, కదలకండి. ఇప్పుడది దీర్ఘకాలిక పెట్టుబడి. పెరిగినదాన్ని వదిలించుకుని తరిగినదాన్ని చంకనెత్తుకునే ఈ అలవాటు గురించి 1985లోనే ఆర్థిక పరిశోధకులు షెఫ్రిన్, స్టాట్‌మన్ రాశారు. 1998లో ఓడీన్ 10,000 బ్రోకరేజి ఖాతాలు తిరగేసి, జనం అమ్ముకున్న లాభాల షేర్లే ఆ తర్వాతి ఏడాది వాళ్లు దాచుకున్న నష్టాల షేర్లకన్నా మెరుగ్గా నడిచాయని తేల్చాడు. అమెరికావాళ్ల లెక్కలు మనకెందుకంటారా? సరే, కొండపల్లికే వద్దాం.

బొమ్మల ఊళ్లో ల్యాంకో గ్యాస్ విద్యుత్ ప్లాంటు 2000లో 368 మెగావాట్లతో మొదలైంది. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006 నవంబరులో 240 రూపాయల చొప్పున షేర్లు జనానికి అమ్మింది. 2009 ఏప్రిల్లో సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడంతో, ఇక కరెంటుకు కొదవలేదనుకున్నారు. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చిన ఆ గ్యాస్, 2013-14 నాటికి కోటిన్నరలోపుకు పడింది. కొండపల్లిలో కొత్తగా కట్టిన యూనిట్లు గ్యాస్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాయి. యూనిట్ తిరక్కపోయినా వడ్డీ తిరుగుతూనే ఉంటుంది కదా. పైగా 2011లో ఆస్ట్రేలియాలో బొగ్గు గనులు కొన్న అప్పు. 2017 ఆగస్టులో దివాలా ప్రక్రియ, ఏడాదికి లిక్విడేషన్ ఆదేశం. గ్యాస్ తగ్గడం ఏళ్ల తరబడి పేపర్లలో వస్తూనే ఉంది. కొన్న రేటునే చూస్తూ కూర్చున్నవారికి మాత్రం అది కనబడే అవకాశం లేదు.

మరి గాలిమరల కంపెనీ సుజ్లాన్ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2020లో 2 రూపాయల లోపున్న ఆ షేరు 2024 సెప్టెంబరులో 80 దాటింది. 10కి అమ్మినవారు తల పట్టుకున్నారు. కానీ 2008 జనవరిలో 400 పైన కొన్నవారికి, ఆ నలభై రెట్ల పరుగు తర్వాత కూడా చేతికొచ్చేది అయిదో వంతే. కథ మార్చింది ఓపిక కాదు, అప్పు తీరడం. దాన్ని గమనించి పట్టుకున్నవారు వేరు, అమ్మడానికి మనసొప్పక పట్టుకున్నవారు వేరు. డీమ్యాట్ ఖాతాలో చూస్తే ఇద్దరూ ఒకేలా కనబడతారు, అదే చిక్కు.

ఒకటి మాత్రం చచ్చినా చేయకండి, కృత్తివెన్ను రొయ్యల రైతును అనుకరించడం. వనామీ రొయ్య వంద కౌంటుకు (కిలోకు వంద) రాగానే చాలామంది చెరువులో కొంత పట్టి అమ్ముతారు. మేత డబ్బు చేతికొస్తుంది, నీటి మీద భారం తగ్గి మిగిలిన రొయ్య పెరుగుతుంది, రేపు వైట్‌స్పాట్ తెగులు తగిలినా మొత్తం పోదు. మిగతాది ఎప్పుడు పట్టాలో పిల్లకు పెట్టిన ఖర్చు చెప్పదు, చెరువులో దించి చూసే చెక్‌ట్రేలో మిగిలిన మేత చెబుతుంది. ఇంత వివేకం మన పద్ధతికి పనికిరాదు. మీరు పడ్డకొద్దీ ఇంకా కొంటూ యావరేజ్ చేస్తూ పొండి. లిక్విడేషన్‌లో పంపకాల వరుసలో అందరికన్నా చివర నిలబెట్టేది ఈక్విటీ వాటాదారునే. అక్కడి దాకా వచ్చాక, తొందరపడి అమ్మారని మిమ్మల్ని ఎవరూ అనలేరు.