బాత్‌ని రూపాయి అనుకుంటే అంతా చవకే

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లు మనలో రెండు రకాలు: ఖర్చుల లెక్క చెప్పేవాళ్లు, ఖర్చుల లెక్క రాసుకున్నవాళ్లు. రెండో రకం నోరెత్తరు. అందుకే పెళ్లి భోజనాల దగ్గర, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో మనకి వినబడేదంతా మొదటి రకం గొంతే. "గోవా కన్నా చవక బావగారూ! రోజుకి వెయ్యి రూపాయలు జేబులో ఉంటే చాలు, రాజాలా తిరిగి రావచ్చు."

ఆ వెయ్యిలో విమానం టికెట్టు ఉండదు. అది ఎలాగూ తప్పని ఖర్చట. హోటల్ ఉండదు, అది ముందే కట్టేశారు. షాపింగ్ ఉండదు, అది మరదలి కోసం. రాత్రి రూఫ్‌టాప్ బార్ బిల్లు అసలే ఉండదు, ఎందుకుండదో ఇంట్లోవాళ్ల ముందు అడక్కూడదు. ఇన్నీ తీసేశాక మిగిలేది వెయ్యే మరి. ఈ పద్ధతిలో లెక్కేస్తే కూతురి పెళ్లి కూడా కొబ్బరికాయ ఖర్చుతో తేలిపోతుంది.

ఈ చవక మహత్యానికి మూలం అక్కడి ధరల బోర్డు. దాని మీద కనిపించే అంకె చిన్నది. హైదరాబాద్‌లో కాఫీ వంద రూపాయలంటే "ఇదేం దోపిడీ అండీ" అని మొహం మాడ్చుకునే పెద్దమనిషి, సుఖుమ్‌విత్ రోడ్డులో అదే కాఫీ వంద బాత్ అని చూసి "వందేనా!" అని రెండు చెప్తాడు. బాత్ ఒక్కింటికి మన రూపాయలు రెండున్నర పైమాటే అన్న సంగతి శంషాబాద్‌లో దిగి, కార్డు స్టేట్‌మెంట్ చూసుకున్నప్పుడు గాని తలకెక్కదు. 2010 ప్రాంతంలో అదే బాత్ రూపాయిన్నర దగ్గర ఉండేది. అప్పుడు వెళ్లొచ్చిన పెదనాన్న కొడుకు చెప్పిన కథే ఇప్పటికీ ఊళ్లో తిరుగుతోంది. కథ మారలేదు, మారకం మారింది.

వీసా సంగతి చూద్దాం. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్లకి వీసా అక్కర్లేదంది. అంతకుముందు దిగాక తీసుకునే వీసాకి రెండు వేల బాత్ కట్టాల్సి వచ్చేది. ఆ డబ్బు మిగిలిందని సంతోషించేలోగా 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు అన్నారు. ఫోన్‌లో పేరూ పాస్‌పోర్టు నంబరూ కొట్టి నింపే ఫారం, పూర్తిగా ఉచితం. ఉచితమంటే మనవాడికి నమ్మకం కుదరదు కదా. ఎవరో ఏజెంటుకి సర్వీసు చార్జీ కట్టి నింపించుకున్నాకే నిద్ర పడుతుంది.

సువర్ణభూమి విమానాశ్రయంలో దిగగానే డబ్బు మార్చుకోవాలి. సామాన్లు తీసుకుని బయటకి వచ్చే అంతస్తులో కనిపించే కౌంటర్లలో రేటు ఒకటి. అదే భవనంలో అట్టడుగున, రైలెక్కే చోట ఉన్న చిన్న బూత్‌లలో రేటు ఇంకొకటి, చాలామటుకు అదే మెరుగు. కిందికి పోవాలంటే ఎస్కలేటర్లు దిగాలి. రాజాలా తిరగడానికి వచ్చినవాడు ఎస్కలేటర్లు దిగుతాడా? పక్కనున్న ఏటీఎంలో కార్డు పెడతాడు.

ఆ ఏటీఎం ముందు కాసేపు నిలబడి చూడదగ్గ దృశ్యం. విదేశీ కార్డు పడగానే మిషన్ తన కట్నం తాను అడుగుతుంది: 220 బాత్. మీరు వెయ్యి తీసినా, ఇరవై వేలు తీసినా అంతే. మనవాడు జాగ్రత్తపరుడు. దొంగల భయం కొద్దీ అంతా ఒకేసారి తీయడు, రోజుకో వెయ్యి చొప్పున తీస్తాడు, తీసినప్పుడల్లా 220 సమర్పించుకుంటాడు. జేబుదొంగైనా ఒక్కసారే కొట్టేవాడు. తర్వాత తెర మీద ఇంకో ప్రశ్న వస్తుంది: లెక్క మీ రూపాయల్లో కట్టమంటారా, బాత్‌లోనే ఉంచమంటారా? బాత్‌లో ఉంచితే మారకం రేటు మన బ్యాంకు చూసుకుంటుంది. రూపాయల్లో అంటే ఆ మిషన్ ఎంత చెబితే అంత. పరాయి దేశంలో రూపాయి గుర్తు చూసేసరికి గుండె పొంగి, మనవాడు దాన్నే నొక్కుతాడు. దేశభక్తికి అక్కడ విడిగా చార్జీ ఉంటుంది.

నగరం అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరం. రైల్లో వెళితే ఫయా థాయ్ స్టేషన్ దాకా 45 బాత్. వీడియోలో చెప్పేది ఇదే. వీడియో తీసినవాడికి వీపున ఒక సంచీ, మనకేమో నాలుగు సూట్‌కేసులు, అందులో రెండు ఖాళీవి, తిరుగు ప్రయాణానికి. కాబట్టి టాక్సీయే. మీటరు 35తో మొదలవుతుంది. దాని మీద విమానాశ్రయం రుసుం 50, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ ఎక్కినవాడిదే. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ రూలు ప్రకారమే. అయినా దిగేటప్పుడు ఆ 50 కోసం మన పెద్దమనిషి డ్రైవరుతో చేసే వాదన వినాలి. మర్నాడు మీటరు వేయనన్న ఇంకొక డ్రైవరుకి రెట్టింపు "ఫిక్స్‌డ్" అని ఒప్పుకుని, "టెన్షన్ లేకుండా పోయింది" అని పొంగిపోయేదీ ఆయనే.

ఊళ్లో తిరగడం నిజంగా చవకే, ఆ మాట ఒప్పుకోవాలి. మామూలు ఎర్ర బస్సు, ఏసీ లేనిది, 8 బాత్. చావో ఫ్రాయా నది మీద నారింజ జెండా పడవ ఎంత దూరమైనా 16. యూట్యూబ్ లెక్కల్లో ఉండేది ఈ బస్సూ ఈ పడవే. మనవాళ్లు ఎక్కేవి మాత్రం వేరు. రేవులో టూరిస్టుల కోసమని విడిగా ఒక పడవ ఉంటుంది, సీట్లు శుభ్రంగా ఉంటాయి, టికెట్టు రెట్టింపు పైనే. 1999లో వచ్చిన స్కైట్రైన్‌కీ, 2004లో వచ్చిన మెట్రోకీ టికెట్లు వేరువేరు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారితే మళ్లీ కొనాలి. నలుగురున్న కుటుంబం దగ్గర దూరానికి టాక్సీ ఎక్కితేనే నయం. ఈ లెక్క ఒంటరిగా వెళ్లిన కుర్రాడు ఎందుకు చెబుతాడు?

ఇక రాజభవనం. గ్రాండ్ ప్యాలెస్ గోడ దగ్గర మీకోసం ఒక పెద్దమనిషి ఎదురుచూస్తుంటాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. "టుడే క్లోజ్డ్ సార్, బిగ్ బుద్ధా డే" అంటాడు. పర్వాలేదు, ఇరవై బాత్‌కి ఊరంతా తిప్పే టుక్‌టుక్ పక్కనే సిద్ధంగా ఉంటుంది. "అపరిచితుల మాట నమ్మకండి" అని గోడ మీద బోర్డులున్నా, ఇరవై బాత్ అన్న మాట చెవిన పడ్డాక బోర్డులు కంటికి ఆనవు. ఆ టుక్‌టుక్ ఓ గుడి చూపించి, నేరుగా రత్నాల షాపు దగ్గర ఆపుతుంది. మిమ్మల్ని లోపలికి పంపినందుకు డ్రైవరుకి పెట్రోలు కూపన్ దక్కుతుంది. మీకు నీలం రాయి దక్కుతుంది. ఊరికి తిరిగొచ్చాక మన కంసాలి దాన్ని వెలుతురుకి పట్టి చూసి, మర్యాదస్థుడు కాబట్టి, "బాగుందండీ" అని ఊరుకుంటాడు.

ఆ గండం గడిచి గేటు దాకా వెళితే మోకాళ్లు కనబడకూడదన్న నియమం. నిక్కరుతో వచ్చిన బావమరిది ఎదురుగా ఉన్న కొట్లో ఏనుగు బొమ్మల పైజామా కొంటాడు. మళ్లీ జన్మలో తొడగడు. అదీ అయ్యాక టికెట్టు: విదేశీయులకు 500 బాత్, థాయ్‌వాళ్లకి ఉచితం. ఇక్కడ మనవాడి రక్తం మరుగుతుంది. "చూశారా, ఎంత వివక్షో!" తాజ్‌మహల్ దగ్గర మనకి 50 రూపాయలు, విదేశీయుడికి 1,100. బిమ్స్‌టెక్ దేశస్థుడని దయతలచి థాయ్‌లాండ్ వాడికి 540. అప్పుడు అది వివక్ష కాదు, అతిథి సేవ.

తిండి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అరవై బాత్‌కి కమ్మటి నూడిల్స్ దొరికే ఊళ్లో, పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో శాకాహారం కొట్లూ ఉన్న ఊళ్లో, మనవాళ్లు ప్రతూనామ్ సందుల్లో ఆంధ్రా మీల్స్ బోర్డు కోసం వెతుకుతారు. దొరికిన చోట పప్పూ రెండు రోటీలూ తిని మూడు నాలుగింతలు కట్టి, "అంతా బాగుంది గాని తిండికే కాస్త ఇబ్బంది" అంటారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. పెద్ద రెస్టారెంట్లో అయితే మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటాయి. సర్వీసు చార్జీ పది శాతం, పన్ను ఏడు శాతం అని వాటి అర్థం. బిల్లొచ్చేదాకా అవి పువ్వు గుర్తులనుకుంటాం.

ఇంత తతంగం జరిగినా తిరిగొచ్చిన వారానికి ఆ పెద్దమనిషే మళ్లీ పెళ్లి పందిట్లో, అరిటాకు ముందు, గొంతు సవరించుకుంటాడు. ఈసారి వియత్నామట. అక్కడ రూపాయికి మూడు వందల డాంగులు దాకా వస్తాయి, నాలుగు వేలు మార్చుకుంటే జేబులో పది లక్షల పైన ఉన్నట్టే. "బావగారూ, అక్కడ మనం లక్షాధికారులమండీ!" అంటూ పక్క విస్తరిలోని గారె వైపు చూస్తున్నాడు, వడ్డించేవాడు ఇటు రావడం లేదని.