ఓడితే బుర్ర మార్చు

కంప్యూటర్ల చదరంగం పోటీల్లో ఓ పాత పేచీ ఉంది. రౌండుకీ రౌండుకీ మధ్య ప్రోగ్రామును సవరించుకోవచ్చా, కూడదా? నేను సవరించుకోవచ్చనే పక్షం. నిన్న ఓడినవాణ్ణి ఇవాళ కూడా అదే బుర్రతో రమ్మనడం అమానుషం.

1997 మేలో న్యూయార్క్‌లో ఐబీఎం వారి చదరంగ యంత్రం డీప్ బ్లూ, అప్పటి ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌తో ఆరు గేములు ఆడింది. మొదటిది ఓడిపోతూ 44వ ఎత్తులో రూకును ఎవరికీ అంతుబట్టని గడిలోకి జరిపింది. బగ్గు! ఇంజనీర్లు వెంటనే సరిచేశారు. తప్పేముంది, నిబంధనలు ఒప్పుకున్నాయి. కాస్పరోవ్‌కీ సమాన హక్కే: రాత్రంతా నిద్ర మానుకుని దిగులుపడొచ్చు. యంత్రం అంతకుముందు ఆడిన గేములు చూపించండయ్యా అంటే మాత్రం ఇవ్వలేదు. అతనివేమో అచ్చులో ఎవరికైనా దొరుకుతాయి.

ఆరో గేము మరీ ముచ్చట. కారో-కాన్ అనే ఓపెనింగ్‌లో కాస్పరోవ్ ఏడో ఎత్తుగా బంటును హెచ్6కి తోశాడు. డీప్ బ్లూ తడుముకోకుండా గుర్రంతో ఈ6 బంటును కొట్టి, ఆ గుర్రాన్ని బలిచ్చేసింది. 19 ఎత్తుల్లో ఆట ఖతం. యంత్రానికి ఇంత తెగువా అని లోకం ముక్కున వేలేసుకుంది. ఐబీఎం బృందంలో పనిచేసిన స్పెయిన్ గ్రాండ్‌మాస్టర్ మిగెల్ ఇల్యెస్కాస్ 2009లో అసలు సంగతి చెప్పాడు: ఆ గుర్రపు ఎత్తును ఓపెనింగ్ బుక్‌లోకి, అంటే యంత్రం ఆలోచించకుండా ఆడేసే ఆరంభపు ఎత్తుల పట్టికలోకి, ఆ రోజు పొద్దున్నే ఎక్కించారట! సెకనుకు 20 కోట్ల స్థితులు చూసే యంత్రం, తనకు పేరు తెచ్చిన ఎత్తుకు ఒక్కటీ చూడనక్కర్లేకపోయింది.

మనుషులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. 2019లో స్ట్రాస్‌బర్గ్ టోర్నీలో ఒక గ్రాండ్‌మాస్టర్ మరుగుదొడ్లో ఫోనుతో దొరికిపోయాడు. బిరుదు పీకేసి, ఆరేళ్లు నిషేధించారు. అమాయకుడు, అప్‌డేట్ చేసుకుంటున్నానని చెప్పాల్సింది.

ఇంజన్లు ఇంజన్లతోనే తలపడే టీసీఈసీలో ఇప్పుడు కాస్త కట్టడి ఉంది. ఒక దశ ముగిసి మరో దశ మొదలయ్యేలోగా కొత్త వెర్షన్ ఇవ్వొచ్చు. నడుమ మాత్రం, క్రాష్ లాంటి పెద్ద తంటా వస్తే తప్ప, సాధారణంగా కుదరదు. అంటే ఓడిపోయే రోగానికి మందు లేదు, మూర్ఛకు ఉంది.

ఇంతకీ 1997లో గెలిచింది ఏ డీప్ బ్లూ? మొదటి గేములో ఓడినదా, ఆరో గేము పొద్దున పాఠం చెప్పించుకున్నదా? ఏడు లక్షల డాలర్ల బహుమతి దగ్గర ఆ రెండిటికీ తగువు తప్పేది కాదు. ఐబీఎం ముందుచూపున్న కంపెనీ. మళ్లీ ఆడదామని కాస్పరోవ్ మొత్తుకున్నా వినకుండా యంత్రాన్ని విప్పేసింది. దాని రెండు బీరువాల్లో ఒకటి వాషింగ్టన్ మ్యూజియంలో, రెండోది కాలిఫోర్నియా మ్యూజియంలో ఉన్నాయి. వాటాల కోసం జుట్టూజుట్టూ పట్టుకోవాలన్నా మధ్యలో అమెరికా అంతా అడ్డం.