బస్తా బావగారు

న్యూజెర్సీలో తెలుగువాళ్ళున్న ప్రతి వీధిలోనూ ఒక బస్తా బావగారు ఉంటారు. మాకు దొరికినాయన సాక్షాత్తూ మా అక్కయ్య మొగుడు. ఆఫీసులో నోట్లో నాలుక లేని మనిషే. యాపిల్ తోట గేటు దాటాడంటే మాత్రం పూనకం వచ్చేస్తుంది.

అక్కడ తూకం ఉండదు, సంచికింత అని డబ్బు. అర బుషెల్ సంచి కొంటే మామూలు మనుషులు 20 పౌన్లు, అంటే మన లెక్కలో 9 కిలోలు, కోసుకుని ఇంటిదారి పడతారు. బావగారికి సంచి నిండడమంటే పని మొదలైనట్టు. మూతి దాటాక గోపురం కడతారు. గోపురం జారితే అక్కయ్య చున్నీ ఉండనే ఉంది. సెప్టెంబరులో మెకింతోష్, అక్టోబరు చివర్లో గ్రానీ స్మిత్. కాయ మారుతుంది గానీ కక్కుర్తి మారదు.

మొదటి వారం పంపకాలు జరుగుతాయి. రెండో వారం ఆయన కారు కనబడితే ఇరుగుపొరుగు లైట్లార్పేస్తారు. అప్పుడు బావగారు ఏప్రన్ కడతారు.

వంట చిన్నదే. చెక్కు తీసి, గింజలు తీసేసి, వేలెడు మందాన ముక్కలు కోసి, వెన్నలో వేసి, బ్రౌన్ షుగరు, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు చల్లి మూత పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. దానికి ముందు అరగంట ఉపన్యాసం ఉచితం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని ఫ్రైడ్ యాపిల్స్ అంటారనీ, పంది మాంసం పక్కన వడ్డిస్తారనీ, కాబట్టి ఇది కూరా స్వీటా అని అడగడం అజ్ఞానమనీ చెబుతారు. చెబుతూనే పెసరట్టు పక్కన ఒక గరిటె వేసేస్తారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వెన్న నురగ అణిగేదాకా ముక్క వెయ్యరు. వేశాక అంచులు అద్దంలా మెరిసేదాకా గరిటె పెట్టరు. పొయ్యి దగ్గర ఆయనకున్న ఓర్పు తోటలో పదోవంతుంటే అందరం సుఖపడేవాళ్ళం. మెకింతోష్‌తో చేసినప్పుడు ఆ ఓర్పు కూడా పనిచెయ్యదు. మూత తీసేసరికి అంతా ముద్ద. బావగారు చలించరు. "ఇవాళ చేసింది సాస్" అంటారు.

గ్రానీ స్మిత్ అయితే ముక్క చెక్కుచెదరదు, పులుపు కూడా దండి. కానీ అవి ఆయన చేతికి చిక్కితే కదా! సంచి దింపీ దింపగానే అక్కయ్య ఆకుపచ్చవన్నీ ఏరి బియ్యం డబ్బా వెనక దాచేస్తుంది. పచ్చి మామిడికాయ దొరకనప్పుడు పులిహోరకీ పచ్చడికీ ఆవిడకు అవే గతి. "ఈసారి గ్రానీ స్మిత్ కాపు తక్కువలా ఉందే" అని బావగారు ఏటా ఆశ్చర్యపోతారు. అక్కయ్య కూడా ఏటా ఆశ్చర్యపోతుంది.

కార్తీక వనభోజనాలకు అల్యూమినియం ట్రే నిండా చేసుకొచ్చి, గుత్తివంకాయకీ పెరుగన్నానికీ మధ్య పెట్టారు బావగారు. మెత్తగా, గోధుమరంగులో, పాకం కారుతూ ఉందది. ఒక పెద్దావిడ పెరుగన్నంలో నంజుకుని, కాసేపు నమిలి, "మాగాయలో బెల్లం వేశావుటమ్మా?" అని అక్కయ్యను అడిగింది.

"మావారు పెట్టారండీ" అంది అక్కయ్య.

"మొగాడికి ఆ మాత్రం వచ్చింది, పోనీలే. కారం మరిచిపోయినట్టున్నాడు."

బావగారికి మొదటి మాటే వినిపించింది. ట్రే ఖాళీ అయిందన్న ఉత్సాహంలో దారిపొడుగునా స్టీరింగు మీద తాళం వేశారు. సందు మలుపులో కారు ఆపి, "హాలోవీన్ అయిపోయింది కదా, గుమ్మడికాయలు సగం ధరకే ఇస్తున్నారటోయ్. డిక్కీలో ఎన్ని పడతాయంటావ్?" అన్నారు నాతో.

"తెండి" అంది వెనక సీట్లోంచి అక్కయ్య. "మీ చుట్టూ మూడుసార్లు తిప్పి, గుమ్మంలో పగలగొడతాను."